కాకిలెక్క

మా న్యూ సెటిల్‌మెంట్ నుంచి విశాఖపట్నానికి విమానంలో గంటా ఇరవై నిమిషాలేనట. ఈ శుభవార్త మోసుకొచ్చినవాడు మా మేనల్లుడు. హైదరాబాదులో ఉద్యోగం. దసరాకి ఖరగ్‌పూర్ వచ్చి, క్వార్టర్ వసారాలో మడతమంచం మీద వాలి, ఫోను నా ముక్కు కిందకి తెచ్చి చూపించాడు. దూరం 670 కిలోమీటర్లు. సమయం గంటా ఇరవై నిమిషాలు. రెండు ఊళ్ళ మధ్య చుక్కల గీత, గీత మీద ఈగంత విమానం.

"ఎక్కడెక్కాల్రా?" అన్నాను.

"అది రాయలేదు మావా."

"మరి దిగడం?"

"విశాఖపట్నం అనుంది కదా."

"అయితే ఎక్కకుండానే దిగొచ్చన్నమాట."

వంటింట్లోంచి మా అప్ప అందుకుంది: "గంటా ఇరవై నిమిషాల్లో మనింట్లో వంటే తెమల్దు. ఈడు ఊరెల్లిపోతాడంట!"

న్యూ సెటిల్‌మెంట్ ఎక్కడో తెలియనివారికి ఒక మాట. ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఎర్రమట్టి నేల మీద నిలబెట్టిన ఊరు. పందొమ్మిదో శతాబ్దం ముగిసే వేళకి పట్టాలొచ్చాయి, పట్టాల వెంట కార్ఖానా వచ్చింది, కార్ఖానా వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల నుంచి మా తాతలొచ్చారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అని ఒకటి ఉంది గనక ఇది న్యూ సెటిల్‌మెంట్. అంతకు మించి ఇందులో కొత్తేమీ లేదు. మా పెరటి జామచెట్టు కూడా ఎప్పుడో రిటైరైపోయే వయసు దాటేసింది.

తరాలుగా ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం, మాతా పూజకి డప్పులు కొట్టిస్తున్నాం, బెంగాలీవాడి దగ్గర చేపలు హిందీలో బేరమాడుతున్నాం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. నూరేళ్ళ పైచిలుకు తర్వాత మేమిక్కడ ఉన్నామని కనిపెట్టడమంటే మాటలా! ఆ మరుసటి ఏడే ఎన్నికలు రావడం కేవలం కాకతాళీయం. (ఈ మాటలోనూ కాకి ఉంది, గమనించండి. మళ్ళీ వస్తుంది.) మేమున్నామని తేలింది సరే, మా ఊరికి మేమెలా వెళ్ళాలో తేల్చే పని మాత్రం ఫోనుకి అప్పజెప్పారు.

ఫోను ఎలా తేల్చిందో చూద్దాం. అదేమీ బ్రహ్మవిద్య కాదు. న్యూ సెటిల్‌మెంటుకో అక్షాంశం, రేఖాంశం. విశాఖపట్నానికో అక్షాంశం, రేఖాంశం. భూమి గుండ్రం గనక హావర్‌సైన్ అనే సూత్రం ఒకటి తగిలిస్తే ఆ రెండు చుక్కల మధ్య అతి దగ్గర దారి ఎంతో వచ్చేస్తుంది. దాన్ని గంటకి 800 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే యాభై నిమిషాలు. లేవడానికీ వాలడానికీ దయతలచి మరో అరగంట. మొత్తం గంటా ఇరవై. లెక్కలో వేలు పెట్టడానికి లేదు. లెక్కలో లేనిదల్లా విమానమే. అక్కడ విమానాశ్రయం ఉందా, ఉంటే అందులోకి మామూలు మనుషుల్ని రానిస్తారా అని ఆ సూత్రం ఎవర్నీ అడగదు. మా జామచెట్టు కొమ్మ మీంచి పలాస బస్టాండు పక్క టీకొట్టు దాకా విమానానికి ఎంతసేపురా అని అడగండి, తడుముకోకుండా చెబుతుంది. మనమూ తడుముకోకుండా నమ్ముతాం. "పూట పడుతుంది" అని పెద్దాయనెవరో చెబితే ఆయనకేం తెలుసంటాం. అదే గంటా ఇరవై అని నిమిషాలతో సహా వస్తే, ఎవడో గడియారం పట్టుకుని ఎగిరి చూసొచ్చాడనుకుంటాం.

ఇలాంటి లెక్కకి మనవాళ్ళు ఏనాడో పేరు పెట్టారు, కాకిలెక్క అని. తెనాలి రామలింగడి పేరున చెప్పుకునే కథ ఉంది కదా. ఊళ్ళో కాకులెన్నని రాయలవారు అడిగితే నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పాడట. లెక్కపెడితే ఎక్కువ తేలితే? చుట్టాల కాకులు వచ్చాయి. తక్కువ తేలితే? ఊళ్ళోవి చుట్టాలిళ్ళకి వెళ్ళాయి. ఆ కథలో అంకె అబద్ధమేగానీ కాకుల ప్రయాణం నిజం. పాపం, ఎగిరి వెళ్ళాయి, ఎగిరి వచ్చాయి. మా ఫోను కాకిలెక్కలో అంకె నిజం, ప్రయాణమే అబద్ధం.

పోనీ, ఒక పూట కాకులమే అవుదాం. జామచెట్టు మీంచి లేచి అటూ ఇటూ చూడకుండా తిన్నగా పోతే 670 కిలోమీటర్లు. రైలు పట్టాల మీద ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నం సుమారు 765. అంటే బాలేశ్వర్‌ని పలకరించి, కటక్ దగ్గర మహానది దాటి, ఖుర్దా రోడ్డులో టీ తాగి, చిలక సరస్సు ఒడ్డమ్మట వయ్యారాలు పోయి, బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, పలాస అంటూ పేరంటానికి పిలిచినట్టు ఒక్కో గుమ్మం తొక్కుతూ వెళ్ళిన రైలు, ఇన్ని చేసి కూడా, కాకి కంటే వంద కిలోమీటర్లు ఎక్కువ నడవలేదు. రెక్కలుండి కాకి మిగుల్చుకున్నది ఖరగ్‌పూర్ నుంచి హౌరాకి ఉన్నంత దూరం కూడా కాదు. ఆ హౌరా సంగతి కాసేపట్లో చూద్దాం.

విమానం లేదన్నానని మా ఆకాశం ఖాళీగా ఉందనుకునేరు. సైకిలు మీద వెళ్ళొచ్చేంత దూరంలో కలైకుండ వైమానిక స్థావరం ఉంది. పిల్లలు పడుకున్న వేళ చూసి మరీ నెత్తి మీంచి జెట్ విమానాలు దూసుకుపోతాయి. అసలు ఈ చుట్టుపక్కల రన్‌వేలకి కొదవెప్పుడు? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్ళ బి-29 బాంబర్ల కోసం కలైకుండ, దూధ్‌కుండి, పియార్‌డోబా, చాకులియా అంటూ ఎన్ని వేశారు! ఆ దళానికి ప్రధాన కార్యాలయం మన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే ఉండేది. 1931లో పోలీసులు ఖైదీల మీద కాల్పులు జరిపిన ఆ భవనంలోనే, 1951లో ఐఐటీ మొదలైన ఆ భవనంలోనే, మధ్యలో అమెరికా బాంబర్ల మ్యాపులు పరిచారు.

1944 జూన్ 5న ఆ రన్‌వేల మీంచి 98 బి-29లు తమ మొట్టమొదటి యుద్ధ యాత్రకి లేచాయి. ఎక్కడికి? బాంకాక్‌కి. సుమారు 1,700 కిలోమీటర్లు, ఆగకుండా. లక్ష్యం ఏమిటి? మకాసన్ రైల్వే వర్క్‌షాపు! రైల్వే వర్క్‌షాపు ఊరి దగ్గర గాల్లోకి లేచి, సముద్రం దాటి, వెతికి వెతికి ఇంకో రైల్వే వర్క్‌షాపు మీద పడ్డారు. ఏమైనా ఖరగ్‌పూర్ నుంచి బాంకాక్‌కి నేరుగా విమానం 1944లోనే ఉండేదన్నమాట. విశాఖపట్నానికి ఇప్పటికీ లేదు.

ఇంకోసారి విమానాలు ఇటు వచ్చాయి. 1965 సెప్టెంబరు 7న, పాకిస్తాన్ సేబర్ జెట్లు, ఢాకా వైపు నుంచి. ఆకాశమార్గాన సుమారు 350 కిలోమీటర్లు. తెల్లారగట్లే ఒకసారి వచ్చి కలైకుండలో నిలబెట్టిన మన విమానాల్ని తగలబెట్టి వెళ్ళారు. రుచి మరిగి మళ్ళీ వస్తే ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్ హంటర్ విమానంలో ఎదురెళ్ళి తరిమి తరిమి కొట్టాడు. రైల్వే ఊళ్ళో టికెట్ లేకుండా దిగితే ఏమవుతుందో వాళ్ళకి తెలియదు, పాపం.

ఖరగ్‌పూర్ విమానయాన చరిత్ర ఇంతే. బాంబులు పట్టుకెళ్ళినవాళ్ళున్నారు, బాంబులు పట్టుకొచ్చినవాళ్ళున్నారు. ఆవకాయ జాడీ పట్టుకెళ్ళినవాడే లేడు.

ఐఐటీలో ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చెబుతారు. విమానం ఎందుకు ఎగురుతుందో ఆ పిల్లలకి క్షుణ్ణంగా తెలుసు. సెలవులివ్వగానే పెట్టెలు మోసుకుంటూ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుమోసిన మా 1,072 మీటర్ల ప్లాట్‌ఫారానికి వస్తారు. (2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి మమ్మల్ని దాటేశాయని ఊళ్ళో ఎవరికీ చెప్పకండి, గొడవలవుతాయి.) ఇదే స్టేషన్‌లో 2001 నుంచి 2003 దాకా టికెట్లు తనిఖీ చేసిన ధోనీ అనే కుర్రాడు ఆనక దేశదేశాలకి విమానాల్లో తిరిగాడు నిజమే, కానీ దానికోసం ముందు ఈ ఊళ్ళో ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది.

సరే, ఫోను మాట ఎందుకు తీసెయ్యాలి, విమానంలోనే వెళదాం. మా ఊరు పలాస దగ్గర. రైల్లో అయితే ఖరగ్‌పూర్ నుంచి పలాస సుమారు 560 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ బండికి తొమ్మిది గంటలు అటూ ఇటూ. విమానం కావాలంటే కలకత్తా విమానాశ్రయం ఉన్న దమ్‌దమ్ వెళ్ళాలి. మన ఊరు నైరుతిలో ఉంది కదా, అందుకని ముందు తూర్పుకి బయల్దేరాలి. టోటో (బ్యాటరీ ఆటో) ఎక్కి స్టేషను, స్టేషన్‌లో హౌరా లోకల్, 115 కిలోమీటర్లు, రెండున్నర నుంచి మూడు గంటలు. హౌరాలో దిగాక టాక్సీ ఎక్కితే కలకత్తా ట్రాఫిక్ చేతిలో పెట్టినట్టే. 2025 ఆగస్టు నుంచి మెట్రో దారి కూడా కలిసింది. గంగ కింది నుంచి ఎస్‌ప్లనేడ్, అక్కడ దిగి ఇంకో మెట్రోలో నోవాపాడా, అక్కడ దిగి మూడో మెట్రోలో విమానాశ్రయం. పెట్టెతో, పిల్లలతో, పెద్దావిడ మోకాళ్ళతో మూడు మెట్రోలు. అప్పటికి విమానం ఎక్కామా? లేదు. ఎక్కడానికి అర్హత సంపాదించాం. ఇక రెండు గంటల ముందే చేరుకుని బెల్టు విప్పి, చెప్పులు విప్పి, చిల్లర పైసలు తీసి, అసలు తామెవరో నిరూపించుకుని కూచోవాలి.

అప్పుడు విమానం లేస్తుంది. దమ్‌దమ్ నుంచి విశాఖపట్నం గాలిదారిన సుమారు 774 కిలోమీటర్లు. గంటన్నర పైచిలుకు. ఇప్పటికి ఎంతయింది? లోకల్ 115, నగరంలో ఓ పదిహేను, గాల్లో 774. తొమ్మిది వందలు దాటింది. తిన్నగా రైలెక్కినవాడికి విశాఖపట్నం 765. కాకి లెక్కలో 670. అంటే దూరం తగ్గించడానికి విమానమెక్కి, రైలు కంటే నూటనలభై కిలోమీటర్లు ఎక్కువ తిరిగాం.

ఇంకా అయిపోలేదు. మా ఊరు విశాఖపట్నం కాదు, పలాస. మ్యాపు మీద దమ్‌దమ్ నుంచి విశాఖపట్నానికి స్కేలు పెట్టి గీత గియ్యండి. ఆ గీత ఇంచుమించు పలాస మీదుగానే పోతుంది. మీ ఇంటి పెంకుల మీంచి, మీ చింతచెట్టు చిటారుకొమ్మ మీంచి, అరుగు మీద కూచుని మీకోసం ఎదురుచూస్తున్న మీ నాన్న నెత్తి మీంచి మిమ్మల్ని తీసుకెళ్ళి, దింపకుండా, విశాఖపట్నంలో దింపుతారు. అక్కణ్ణుంచి ఇంకో రైలో బస్సో పట్టుకుని రెండు వందల కిలోమీటర్లు వెనక్కి రావాలి. మొత్తం పదకొండు వందలు. 560 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి 1,100 కిలోమీటర్లు! ఊరు రెండింతలు దూరం జరిగింది. సమయం, అంతా సవ్యంగా సాగితే, పన్నెండు పదమూడు గంటలు. అంతా సవ్యంగా సాగిన రోజు పంచాంగంలో చూసుకోవాలి.

సామాను సంగతి ఎత్తకుండా ఉందామనుకున్నా గానీ ఉండబట్టడం లేదు. మనం ఊరెళ్ళి వచ్చేది మనుషుల్ని చూడ్డానికని పైకి చెబుతాం. అసలు వెళ్ళేది సామాను తేవడానికి. ఉద్దానం కొబ్బరికాయలు, పలాస జీడిపప్పు, కారం, చింతపండు, అరిసెలు, పనసకాయ ఒకటి గోనెలో కట్టి. ఇవన్నీ రైల్లో సీటు కింద తోసేస్తే ఎవడూ అడగడు. విమానంలో పెట్టెకి 15 కిలోలు, చేతిసంచికి 7. పనసకాయ ఒక్కదానికే సగం టికెట్ కావాలి. పచ్చడి సీసా చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర ఆపేస్తారు, అది ద్రవమా ఘనమా అన్న చర్చ మొదలవుతుంది. ఎండుకొబ్బరి సంగతి మరీ అన్యాయం. నూనె ఎక్కువ గనక మంట అంటుకుంటుందని దాన్ని ప్రమాదకర వస్తువుల్లో వేశారు. మా ఖరగ్‌పూర్ నేల మీంచి బి-29లు ఏం మోసుకెళ్ళాయో గుర్తుందా? అప్పుడెవరూ నిప్పు సంగతి అడగలేదు. ఉద్దానం కొబ్బరిచిప్పని మాత్రం పక్కన నిలబెట్టేశారు.

ఇంతకీ న్యూ సెటిల్‌మెంట్‌లో దూరాన్ని ఎవరూ కిలోమీటర్లలో కొలవరు. సెలవుల్లో కొలుస్తారు, పాసుల్లో కొలుస్తారు. సర్వీసు ఐదేళ్ళు దాటిన కార్ఖానా మనిషికి ఏడాదికి మూడు పాసులు, నాలుగు పీటీఓలు. పాసు మీద ప్రయాణం ఊరికే, పీటీఓ మీద మూడోవంతు ధర. కనుక పాసు మిగిలుంటే ఊరు దగ్గర, పాసులైపోతే ఊరు దూరం, ఆడపిల్ల పెళ్ళి కుదిరి ఏడాది పాసులన్నీ బట్టల కొనుగోలుకే అయిపోతే ఊరు మరీ దూరం. హావర్‌సైన్ సూత్రంలో పాసు వెయ్యడానికి చోటు లేదు. విమానం కౌంటర్లో పాసు చూపిస్తే అక్కడి పిల్ల నవ్వుతుంది, అది వేరే సంగతి. చాలా మర్యాదగా నవ్వుతుంది.

సామాన్యుడికి ఆకాశం అందించాలన్న ఆలోచన ప్రభుత్వానికి లేదని ఎవరన్నారు? 2017 ఏప్రిల్‌లో సిమ్లాలో ఉడాన్ పథకం తొలి విమానాన్ని సాగనంపుతూ, హవాయి చెప్పులు వేసుకునేవాడు కూడా విమానమెక్కాలన్నది తన కోరిక అని ప్రధాని చెప్పారు. గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్నారు. చాలా సంతోషం. హవాయి చెప్పులు మా దగ్గర పుష్కలంగా ఉన్నాయి, సప్లై మా వైపు నుంచి ఆలస్యం కాలేదు. 2023లో కాగ్ నివేదిక వచ్చింది. పథకం కింద చూసిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదట. మొదలైన 371లో మూడేళ్ళు నిండా నడిచినవి 112. మొదలు కాని ఆ 403 మార్గాలకీ దూరం ఉంది, సమయం ఉంది, చుక్కల గీత ఉంది, గీత మీద ఈగంత విమానమూ ఉంది. మా న్యూ సెటిల్‌మెంట్ వాటి సరసన ఇంకో చుక్క అయితే ఎవరికి నష్టం?

అటు ఆంధ్రా చివర కూడా తక్కువ తినలేదు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరున కొత్త విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఆ శంకువు గట్టిగా దిగలేదేమోనని 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్ళీ చేశారు. మన్యంలో సీతారామరాజు కాలినడకన కొండలు దాటుతూ తెల్లవాళ్ళకి దొరక్కుండా తిరిగాడు. ఇక ఆయన పేరు మీద బోర్డింగ్ పాసు. అక్కడ దిగితే పలాసవాడికి ఓ నలభై కిలోమీటర్లు కలిసొస్తాయి. ఇటు చివర మాత్రం అదే దమ్‌దమ్, అవే మూడు మెట్రోలు.

ఇదంతా చదివి రైలు మురిసిపోనక్కర్లేదు. బి.ఎన్.ఆర్. అంటే బి నెవర్ రెగ్యులర్ అని మా తాతల నాడే పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళు అందులోనే పనిచేసేవాళ్ళు. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన నిమిషానికి వెయిటింగ్ లిస్టు పుడుతుంది. పండగ రోజుల్లో జనరల్ పెట్టె గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి ఖుర్దా దాకా వచ్చినవాడికి ఈ కాకిలెక్కల మీద నాకున్నంత కోపం ఉండదు. 2023 జూన్ 2 సాయంత్రం బహానగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పడిపోయాక, ఆ బండి పేరు ఎత్తితే మాటాడ్డం మానేసే ఇళ్ళున్నాయి. ఆ బండి ఖరగ్‌పూర్‌లో ఆగి వెళ్ళి రెండు గంటలైనా కాలేదు. విమానమే మేలనేవాళ్ళతో ఆ ఒక్క విషయంలో నేను వాదనకి దిగను.

అయినా తొందరగా చేరుకోవలసిన అవసరం మాకు ఎప్పుడొస్తుంది? పెళ్ళి ముందే తెలుస్తుంది. పండగ కేలెండర్లో ఉంటుంది. తొందరంతా చావు కబురుకే. మా పెద్దమ్మ పోయిన కబురు తెల్లారగట్ల నాలుగింటికి వచ్చింది. నేను పొద్దున బండెక్కుదామన్నాను. మా తమ్ముడు ఒప్పుకోలేదు. "అన్నా, అంతసేపు ఎవరుంచుతారు? విమానమైతే గంటన్నర" అన్నాడు. మర్నాటి టికెట్ అయితే ఒక ధర, ఆ పూట టికెట్ అయితే ఇంకో ధర. చావు కబురొచ్చినవాడు బేరమాడడని ధరలు పెట్టేవాళ్ళకి బాగా తెలుసు. నెల జీతంలో సగం పెట్టి కొన్నాడు. నేను తొమ్మిదింటి వేళ రైలెక్కాను. వాడు అంతకు ముందే హౌరా లోకల్ ఎక్కాడు.

పలాసలో నేను దిగేసరికి వేసవి గనక ఇంకా వెలుగుంది. ఆటోలో ఊరు చేరి పెద్దమ్మ మొహం చూశాను. పొద్దు వాలకముందే తీసుకెళ్ళారు. తమ్ముడు అర్ధరాత్రి దాటాక వచ్చాడు. సూట్‌కేసు పిడికి విమానం చీటీ ఇంకా వేలాడుతోంది. అరుగు మీద మేలుకుని ఉన్న ముసలాయన ఒకరు లాంతరు పైకెత్తి చూసి అడిగారు.

"ఏలాగొచ్చేవు బావూ?"

"విమానంలో, తాతా."

"అదా సంగతి! అందుకే ఆలీసమైపోనాది."

ఆయన వెక్కిరించలేదు. నిజంగానే అర్థం చేసుకుని, సానుభూతితో అన్నారు.

ఈ కథంతా మా మేనల్లుడికి చెప్పాను. విన్నాడు. విని, పండగ అయ్యాక దమ్‌దమ్ నుంచి హైదరాబాదుకి విమానం టికెట్ చూపించాడు. "రెండు గంటలే మావా" అన్నాడు. వద్దనడానికి నేనెవర్ని? పదింటికి టోటో ఎక్కించాం. వాడు వీధి మలుపు తిరగ్గానే మా అప్ప కళ్ళు తుడుచుకుని, లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది. నేను గడియారం చూసి గుర్తు పెట్టుకున్నాను. పప్పు ఉడికింది, పులుసు మరిగింది, చేపలు వేగాయి. వడ్డించుకుని తిన్నాం. గిన్నెలు కూడా కడిగేసింది. అప్పుడు ఫోను మోగింది.

"మావా, పాంశ్‌కుడాలో ఉన్నాం. సిగ్నల్ లేదంట, ఆగింది."

గడియారం చూశాను. గంటా ఇరవై నిమిషాలైంది.

అప్ప ఫోను లాక్కుని, "ఏరా, విశాపట్నం దాటీసేవా?" అంది.